నాలుగున్నర గంటల దూరం

మేనేజరు మాటలు కోటలు దాటుతాయి. కాళ్లు మాత్రం విమానం మెట్లెక్కవు. చచ్చేంత భయం. ఆ సంగతి భార్యకు తెలియదు. బొద్దింకను చూసి కెవ్వుమనే ఆవిడను పెళ్లయిన నాటి నుంచీ "పిరికిదానా" అని ఏడిపిస్తున్నవాడు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

అందుకే కంపెనీ వాళ్లు వారం రోజుల శిక్షణకు విదేశం వెళ్లమంటే, నడుం నొప్పని సెలవు పెట్టాడు. అతని బదులు ఇంకొకరు వెళ్లారు. ఇంట్లో మాత్రం పెట్టె సర్దుకున్నాడు.

"నన్నూ తీసుకెళ్లొచ్చుగా! నా పాస్‌పోర్టు బీరువాలో మూలుగుతోంది," అంది భార్య.

"ఆఫీసు పని మీద వెళ్తూ పెళ్లాన్ని వెంటేసుకెళ్తారటే? నలుగురూ నవ్విపోతారు."

"సరే, దిగే హోటలు పేరైనా చెప్పి వెళ్లండి."

చెప్పాడు. దర్జాగా టాక్సీ ఎక్కాడు. అది నాలుగు వీధులు తిరిగి, పెళ్లికాని స్నేహితుడి గది ముందు ఆగింది.

అబద్ధం చెప్పినా అతికినట్టు చెప్పాలి కదా! ఫోన్లో అన్నీ వెతికాడు. రెండు ఊళ్ల మధ్య మూడు వేల కిలోమీటర్లు. విమానంలో నాలుగున్నర గంటలు. అక్కడి గడియారం రెండున్నర గంటలు ముందు. కూర్చుని బట్టీ పట్టాడు.

"చిన్నప్పుడు ఇలా చదివుంటే ఈపాటికి డాక్టరయ్యేవాడివిరా," అన్నాడు స్నేహితుడు.

మూడో రోజు రాత్రి ఎనిమిదికి భార్యకు నెట్ కాల్ చేశాడు.

"ఇక్కడ పదిన్నరయిందోయ్. నిద్ర ముంచుకొస్తోంది."

"నాకూనూ," అని ఆవులించింది ఆవిడ.

పదకొండు దాటితే గానీ టీవీ కట్టేయని మనిషి! నేను లేక పాపం ఇల్లు బోసిపోయినట్టుందని మురిసిపోయాడు మేనేజరు.

"అక్కడ వానలేమైనా పడుతున్నాయా?"

"చినుకు లేదు. ఎండ మాడ్చేస్తోంది."

"ఓహో. గది బాగుందా?"

"అబ్బో! తొమ్మిదో అంతస్తు. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది."

"తొమ్మిదో అంతస్తే!" అంది ఆవిడ, ఎందుకో నవ్వాపుకుంటూ. "మీరొచ్చే రోజు ఎయిర్‌పోర్టులో ఉంటాను లెండి."

ఎందుకొచ్చిన శ్రమ, వద్దంటే వద్దన్నాడు. వింటేగా!

"మీరు అంత దూరం నుంచి వస్తుంటే, నేనీ మాత్రం రాలేనా?"

తిరిగి రావాల్సిన రోజు, అక్కడి విమానం ఇంకా రాకముందే ఎయిర్‌పోర్టుకు చేరుకున్నాడు. జుట్టు రేపుకున్నాడు. కళ్లు ఎర్రబడేదాకా నలుపుకున్నాడు. ఎదురుచూస్తున్న వాళ్లందరినీ స్తంభం చాటు నుంచి ఒక్కొక్కరినే పరికించి చూశాడు. భార్య లేదు. బతికానురా దేవుడా అనుకున్నాడు.

విమానం వచ్చింది. జనం బిలబిలమంటూ బయటికొస్తున్నారు. పెట్టె లాక్కుంటూ మెల్లగా వాళ్లలో కలిసిపోయి, అలసిపోయినట్టు ఒళ్లు విరుచుకున్నాడు.

అప్పుడే వెనకాల అద్దాల తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆ విమానం దిగిన వాళ్లతో పాటు, పెట్టె లాక్కుంటూ బయటికొచ్చింది అతని భార్య.