శొంఠి తిన్న ఎలుగుబంటి

మరుగుతున్న సత్తు గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకొని, ఆవిరికి ముఖం అప్పగించేది విశ్రాంతమ్మ వదినె.

రుచి చూసేది కాదు. పదిమందికి పోసేదాన్ని ఎంగిలి చేయకూడదని ఆమె పట్టుదల. ముక్కుతోనే తేల్చేది.

"అయింది" అనేది. అయ్యేది.

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే మలుపులో ఆమె పాక దుకాణం. పాలు పోయని ఆకు చాయ్. నిమ్మగడ్డి, అడవి తులసి, శొంఠి, పిప్పలి, చివర్న బెల్లం.

ఆ వాసన గాలికెక్కితే భద్రాచలం బస్సు దానంతటదే ఆగేది. డ్రైవర్ బ్రేకు మీద కాలు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

అడవి తులసి తెచ్చే దస్రు ఒకసారి ఆ చాయ్ తాగి తుమ్మితే, గుట్ట మీద ఇప్పపూలన్నీ ఒక్కసారే రాలాయి.

నమ్మకపోతే మానండి. ఆమె కూడా నమ్మేది కాదు.

"నీ నోట్లకెళ్ళి ఒక్క నిజం రాలుతదా మరిదీ?" అనేది, గ్లాసు చేతికిస్తూ.

"రాలితే నువ్వు ఏరుకుంటవని భయం వదినె."

ఆమె భర్త పేరు ఆరోగ్యం. నాకంటే పెద్దవాడు. కలిసి తునికాకు కోసినవాళ్ళం. దుకాణం వెనక నిమ్మగడ్డి దుబ్బులు నాటింది అతనే. అతను పోయాక ఆ దుబ్బుల మీద మేక నోరు పడితే, మేకను కాదు, మేక తోలుకొచ్చినవాణ్ణి కొట్టేది వదినె.

చికున్‌గున్యా ఊళ్ళ మీద పడ్డ ఏడాది అది. మంచం పట్టని ఇల్లు లేదు. వదినె కూడా మూలిగి మూలిగి లేచి, మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ఆ పొద్దున గ్లాసు అందుకొని ఒక గుక్క తాగాను.

పాక పైకప్పు తాగినట్టుంది.

ఎండబెట్టిన నిమ్మగడ్డి కట్ట పక్కనే, కప్పు మార్చడానికి తెచ్చిన బోదగడ్డి మోపు ఉంది. చూపుకు రెండూ ఒకటే. వాసన ఒక్కటే తేడా.

ఆమె అప్పటికే ఆవిరికి ముఖమిచ్చి, "అయింది" అనేసింది.

"ఇల్లంతా మాకు తాగబెడితే వానకాలం నువ్వెక్కడ పంటవ్ వదినె?" అన్నాను.

మాటకు మాట అప్పజెప్పే మనిషి, మోపు వైపు చూసింది. గిన్నె దించింది. పారబోసింది.

జ్వరం తర్వాత ముక్కు పనిచేయడం లేదా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

కానీ నాకంటే ముందు తాగినవాళ్ళు అప్పటికే బస్సెక్కారు. మాట ఇల్లందు చేరింది.

ఆదివారం ఆరాధన కాగానే వదినె కొడుకు జోయెల్ బైకు మీద దిగాడు. ఇల్లందు బొగ్గుబాయిలో పని అతనిది.

"అమ్మకు వాసన తెలుస్తలేదంట గద చిన్నాయనా?"

"ఎవడన్నడు?"

"తాగినోళ్ళే అన్నరు. గట్లయితే పొయ్యి కాడ చెంగు అంటుకున్నా ఎరుక ఉండది. నిజమే అయితే దుకాణం బంద్. ఈ పొద్దే తోల్కపోత."

వదినె విననట్టు పొయ్యి ఊదుతోంది. ఊదేచోట నిప్పు లేదు.

"నేనేడికి రాను" అంది చివరికి, పొయ్యితోనే.

"అయితే చాయ్ పెట్టు. నాయన ఉన్నప్పటి లెక్కనే ఉంటే నేనే పోత."

గిన్నె ఎక్కింది. ఈసారి దుబ్బుల దగ్గరికే వెళ్ళి పచ్చి నిమ్మగడ్డి కోసుకొచ్చింది. తులసి దూసింది. పొడుల దగ్గర ఒక డబ్బా ఎత్తి, దించి, ఇంకోటి ఎత్తింది.

శొంఠి ఒక డబ్బా, పిప్పలి ఒక డబ్బా. పొగచూరిన ఆ పాకలో రెండు పొడులదీ ఒకటే రంగు. ఎప్పుడూ ముక్కు దగ్గరికి తెచ్చుకొని తేల్చుకునేది.

ఆవిరికి ముఖమిచ్చింది. కళ్ళు మూసుకుంది.

"అయింది" అంది.

జోయెల్ చెయ్యి కంటే ముందు నా చెయ్యి చాపాను.

"తొలి గ్లాసు నాది. పెద్దోణ్ణి."

తాగాను. శొంఠి మీద శొంఠి. పిప్పలి లేనే లేదు.

"జోయెలూ, పొద్దుగాల గుట్ట కాడ ఎలుగుబంటి ఎదురైంది ఎరికేనా?"

"మొదలువెట్టిండు" అన్నాడు వాడు.

"దానికి జలుబు. తలకు తువ్వాల సుట్టుకున్నది. ఏంది మామా గిట్లయినవ్ అంటే, శొంఠి తిన్న, తగ్గలె, మల్ల శొంఠే తిన్న అన్నది. ఓ పిచ్చి మామా, పక్క డబ్బల పిప్పలి ఉంటది గద, చిటికెడు వేస్కోరాదు, ఆ ఘాటుకు ఇంత బెల్లం నంజుకోరాదు అన్న."

"ఎలుగుబంటికి డబ్బ ఏడిది చిన్నాయనా?"

"గదే అడిగిన. అలిగి పోయింది."

జోయెల్ నవ్వాడు. ఆ నవ్వు వెనకాల డబ్బా మూత చప్పుడైంది. తర్వాత బెల్లం పగిలింది.

జోయెల్‌కు గ్లాసు అందింది.

ఒక గుక్క. ఇంకో గుక్క. వాడు నిమ్మగడ్డి దుబ్బుల వైపు చూశాడు.

"నాయన ఉన్నప్పటి లెక్కనే ఉంది" అన్నాడు.

వదినె చెంగుతో ముఖం తుడుచుకుంది. పొగ, అంది.

బైకెక్కి, కిక్కు కొట్టబోయి ఆగాడు.

"చిన్నాయనా, ఆ ఎలుగుబంటికి నా వందనాలు చెప్పు."

దుమ్ము అణిగింది. వదినె నా గ్లాసు కడిగింది. కడిగిందే మళ్ళీ కడిగింది.

"మరిదీ, రేపొస్తదా అది?"

"ఎలుగుబంటా? తొలి బస్సు కన్నా ముందే వస్తది. తొలి గ్లాసు దానిదే."

విశ్రాంతమ్మ వదినె ఉన్నన్నాళ్ళూ అది ఒక్క పొద్దు కూడా తప్పలేదు.