జకరయ్య సాక్ష్యం

"చొక్కా తీయి బావా," అన్నాడు ఇశ్రాయేలు.

జకరయ్య మంచం మీద వీపు చూపిస్తూ కూర్చున్నాడు. గని దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులు ప్రార్థనతో బాగైపోయాయని, రాబర్ట్‌సన్‌పేట స్వస్థత కూటంలో నిన్ననే మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. అద్భుతాలు తొలి శిష్యులైన అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయని వాదించే సంఘ పెద్ద ఇశ్రాయేలు.

"ఆ కూటం బోధకుడు నీ చేత ఏమేమి చెప్పించినాడో నాకు తెలియాల."

"ఆయప్ప ఏమీ చెప్పించలేదు. నువ్వే వినుకో."

గని మూతపడేదాకా ఇద్దరూ కలిసి పనిచేశారు. పై రాయి వదులుగా ఉందేమోనని కడ్డీతో తట్టి, మోత విన్నాకే దాని కిందికి పోయేవాళ్లు. ఇశ్రాయేలు ఇప్పుడు బావ వీపును వేలి కణుపుతో అట్లాగే తట్టి, చెవి ఆనించాడు. లోపల కంకర నలుగుతున్న చప్పుడు.

"అట్లే ఉండాది. ఏమీ పోలేదు."

"నాకు తెలీదా బావా?"

"తెలిసే దేవుని పేరు మీద అబద్ధం చెప్పినావా?"

జకరయ్య గుమ్మం వైపు చూపించాడు. అక్కడ చాప మీద అతని భార్య సుగుణమ్మ, ఇశ్రాయేలు చెల్లెలు, పట్టపగలు ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది.

"నా ఊపిరి ఎప్పుడు నిలిచిపోతాదో అని ఇన్నేండ్లూ రాత్రంతా నా పక్కన కూచోనే ఉన్నింది. నిన్న నా సాక్ష్యం విన్నాక పండుకునింది. ఇంగా లేయలేదు."

సుగుణమ్మ కదిలింది. కళ్లు తెరవకుండానే అడిగింది.

"అన్నా, విన్నావా? బాగుండాదా?"

ఇశ్రాయేలు చొక్కా అందుకుని బావ వీపు మీద కప్పాడు.

"బాగుండాదమ్మా. నువ్వు పండుకో."