నిన్నటికి నలభై నిమిషాలు

"ఒక్కొక్కరే కాటా ఎక్కండి. సంచులు చేత్తోనే పట్టుకోండి."

సమోవా దీవుల్లోని ఆపియా విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి పిలవగానే తావిటా తల వంచుకునే కాటా ఎక్కాడు. చంకలో చుట్టిన చాప. అవ్వల నాటి అల్లిక, పట్టులా మెత్తనిది. తల వంచుకోవడం ఈమధ్యే అలవాటైంది.

బుధవారం అవతలి దీవి మీది పాగో పాగోలో అతని తమ్ముడు తాగి కారు నడిపి ఒక కుర్రవాణ్ణి చంపాడు. తమ్ముడు లాకప్పులో ఉన్నాడు. తప్పు మాత్రం ఇంటిల్లిపాదిదీ. అక్కడి శనివారం పొద్దున ఆ కుర్రవాణ్ణి సమాధి చేస్తారు. ఈలోగా ఆచారం ప్రకారం తావిటా, తల్లి లూపే ఆ కుర్రవాడి ఇంటి వాకిట్లో చాప కప్పుకుని మోకరిల్లాలి. పోయినవాడి తండ్రి వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఏమవుతుందో లూపే ఆలోచించడం మానేసింది.

"ఇవాళ శనివారం ఎక్కి, నిన్న శుక్రవారం దిగుతారు," అమ్మాయి నవ్వింది.

నూట ముప్పై కిలోమీటర్లు, నలభై నిమిషాలు. మధ్యలో సముద్రం మీద తేదీ రేఖ దాటగానే ఒక రోజు వెనక్కి జరుగుతుంది. బుధవారం పొద్దుటిదాకా తీసుకెళ్లే విమానం ఉంటే బాగుండునని తావిటా అనుకున్నాడు. ఆ కోరిక చనిపోయినవాడి కోసమో, తను తలెత్తుకోవడం కోసమో తేలక ఇంకా సిగ్గుపడ్డాడు.

వెనకున్న ముసలాయన కాటా ఎక్కాడు.

"ఏం తాతా, పొద్దున దిగి అప్పుడే తిరుగుప్రయాణమా? మీ అక్కగారు కడుపు నిండా పెట్టలేదా?"

"కబురు చెప్పిపోదామని వచ్చానమ్మా. ఫోనులో చెప్పేది కాదు."

అమ్మాయి బరువులు కూడి పెదవి విరిచింది. "చిన్న విమానం, బరువు ఎక్కువైంది. ఒకరు సాయంత్రం విమానానికి ఆగాలి. ఆఖర్న టికెట్టు కొన్నది మీరే కదా," అంది తావిటాతో.

లూపే కొడుకు మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముసలాయన చూపు చాప మీద పడింది. "మంచి చాప. ఏ ఊరు నాయనా మీది?"

తావిటా ఊరి పేరు చెప్పాడు.

"ఎవరింటికి తీసుకెళ్తున్నారు?"

ఇలాంటి చాపలు పెళ్లిళ్లకీ కానుకగా ఇస్తారు.

"పెళ్లికి."

ముసలాయన ఏడ్చి వాచిన లూపే కళ్లకేసి చాలాసేపు చూశాడు. తర్వాత సంచి తీసుకుని పక్కకి జరిగాడు.

"వాళ్లని పంపమ్మా, నేను సాయంత్రం వస్తాను. చాప లేకుండా పెళ్లేమిటి!"

థాంక్స్ చెప్పడానికి కూడా తావిటా తల ఎత్తలేకపోయాడు. అబద్ధమాడి సంపాదించిన సీటు దారి పొడుగునా అతన్ని గుచ్చింది.

శుక్రవారం ఎండలో ఇద్దరూ ఆ వాకిట్లో చాప కప్పుకున్నారు. లోపల ఏడుపులు. ఎవరో తిట్టారు. చాప మీద ఒక రాయి పడింది.

"వాడి నాన్న రానీ, తేలుతుంది మీ సంగతి," అన్నాడొకడు.

"ఎత్తడేమోరా," లూపే గుసగుసలాడింది.

"నేనైతే ఎత్తను," అన్నాడు తావిటా.

పొద్దు వాలాక కారు ఆగింది. ఏడుపులు ఒక్కసారి పెరిగి, అణిగిపోయాయి. అడుగులు నెమ్మదిగా దగ్గరికొచ్చాయి. చాప పైకి లేచింది. తావిటా నేలనే చూస్తున్నాడు.

"లే నాయనా," అన్నాడు చాప ఎత్తిన మనిషి, "పెళ్లికి వేళకే అందుకున్నారు."