పెళ్ళిహాలు లైట్లు

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్నప్పటి మాట. పద్మారావు నగర్‌లో భద్రయ్య ఫంక్షన్ హాలు తెరిచిన నాలుగో రోజే ఎదురింటి ఆర్థర్ వచ్చాడు.

"మీ ఫోకస్ లైట్లు కొంచెం కిందికి వంచితే బాగుంటుందండీ," అన్నాడు.

భద్రయ్య ఎగాదిగా చూశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో గొడుగు, డెబ్బై దాటిన మనిషి. రైల్వేలో చేసి రిటైరయ్యాడనీ, భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడనీ వాచ్‌మన్ చెప్పగా విన్నాడు.

"ఎందుకు వంచాలె సార్? పెండ్లంటే ఎల్తురుండాలె గద. బొల్లారం దాంక కనవడాలెనని పెట్టించిన."

"కనబడుతున్నాయండీ. బొల్లారంలో మా చెల్లెలు కూడా చెప్పింది. మా మిద్దె మీద చుక్కలే కనబడటం లేదు."

భద్రయ్యకు నవ్వొచ్చింది. ఆర్థర్ మాత్రం తన ధోరణిలో తాను చెప్పుకుపోయాడు.

"వేసవి వస్తే ఈ వీధంతా మిద్దెల మీదే ఉండేదండీ. పొద్దు వాలగానే నీళ్ళు చల్లి చాపలు పరిచేవాళ్ళం. ఒక మిద్దె మీద పాట మొదలైతే పది మిద్దెలు అందుకునేవి. ఇప్పుడు ఈ వెలుగుకి పసిపిల్లలకు కునుకు పట్టడం లేదు. అందరూ కిటికీలు బిగించుకుని ఉడికిపోతున్నారు."

భద్రయ్యకు ఒక్క క్షణం ప్రాణం లాగింది. మోండా మార్కెట్ వెనక తమ పాత ఇంటి మిద్దె గుర్తొచ్చింది. పక్కన వెల్లకిలా పడుకుని నాయన ఆకాశంలోకి వేలు చూపేవాడు. "గా నాలుగు ముసలమ్మ మంచం కోళ్ళు, ఎనకున్న మూడు దొంగలు. మంచం ఎత్కపోతున్నరు సూడు." దొంగలు దొరికేదాకా మేలుకోవాలని తాను పట్టుబట్టి, అంతలోనే రెప్ప వాల్చేసేవాడు. ఎంత చల్లని రోజులవి!

ఆ ఇల్లు అమ్మే ఈ హాలు కట్టాడు. అది గుర్తు రాగానే మనసు మళ్ళీ గట్టిపడింది.

"చుక్కలు సూస్కుంట కూసుంటే హాలు నడుస్తదా సార్?"

ఆర్థర్ నవ్వి వెళ్ళిపోయాడు. వారానికి మళ్ళీ వచ్చాడు. ఇంకో వారానికి ఇంకోసారి వచ్చి, లైట్లకు రేకు టోపీలు పెడితే చాలు, తానే చేయించి ఇస్తానన్నాడు. భద్రయ్యదేమో పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే తత్వం.

ఏప్రిల్‌లో మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. బయటి లైట్ల వెలుగు పొరుగిళ్ళ మీద పడకూడదని లైసెన్సులోనే షరతు ఉందట. పదిహేను రోజుల్లో సరిచేయకపోతే హాలుకు సీలు వేస్తారట.

 భద్రయ్య నోటీసు పట్టుకుని నేరుగా ఎదురింటి గేటు ముందు నిలబడ్డాడు.

"ఏందయ్యా, నవ్వుకుంట వచ్చి నవ్వుకుంట పోయి గిట్ల చేస్తవా? ఇల్లమ్ముకొని కట్టిన హాలు! ఏడు పెండ్లిళ్ళు ఒప్పుకున్న. నా పొట్ట కొడితే నీకేమొస్తది?"

వీధి వీధంతా తలుపులు తీసి చూసింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

"లోపలికి రండి భద్రయ్య గారూ. మజ్జిగ తాగుదురు గాని," అన్నాడు ఆర్థర్.

"నీ మజ్జిగ నువ్వే తాగు!"

గడువు దాటింది. భద్రయ్య లైట్లు వంచలేదు. సీలు వేయడానికి ఎవరూ రాలేదు. పెళ్ళిళ్ళు ఒకటొకటిగా జరిగిపోయాయి.

"గట్టిగ మాట్లాడేసరికి ముసలాయన దడుసుకున్నడు. కంప్లయింటు వాపస్ తీస్కున్నట్టున్నడు," అని వాచ్‌మన్ ముందు మీసం మెలేశాడు.

మే నెలాఖరులో ఒక పొద్దున ఎదురింట్లోంచి క్రైస్తవ కీర్తన వినిపించింది. ఆర్థర్ నిద్రలోనే పోయాడట. శవపేటిక సమాధుల తోటకు కదులుతుంటే భద్రయ్య హాలు గేటు దాకా వచ్చాడు. పోయినవాడితో పగేమిటి, వెళ్దామనే అనుకున్నాడు. తిట్టిన నోటితో ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక అక్కడే ఆగిపోయాడు.

సరిగ్గా రెండు వారాలకు సీలు ఆర్డరు వచ్చింది.

భద్రయ్యకు ఏమీ అంతుపట్టలేదు. 'కంప్లయింటు ఇచ్చినాయనే పాయె, ఇంకెవలున్నరు?' అనుకుంటూ మున్సిపల్ ఆఫీసుకు పరుగెత్తాడు. లైసెన్సుల సెక్షన్‌లో కామాక్షి అనే ఆఫీసరు ఉంది.

"మేడం, ఇంక రెండు పెండ్లిళ్ళున్నయి. ఆడపిల్లలోళ్ళు పరేషాన్ అయితరు. ఇయ్యాల్నే లైట్లు వంచిపిస్త."

"ఆ పనేదో అప్పుడే చేస్తే పోయేది కదండీ," అంటూ ఆమె ఫైలు తిప్పి చూపింది. "మీ హాలు మూసేయమని ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు."

రోజూ నమస్తే పెట్టేవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. భద్రయ్య రెండుసార్లు పై నుంచి కిందికి వెతికాడు. తాను వెతుకుతున్న పేరు లేదు.

"మరి గిన్ని దినాలు ఎందుకాగిన్రు మేడం?"

"మేమెక్కడ ఆగామండీ? ఆపారు. ప్రతి సోమవారం మీ తరఫున ఒక పెద్దాయన వచ్చి అదిగో, ఆ బెంచీ మీద కూర్చునేవారు. 'ఇంకొక్క వారం చూడండమ్మా, పెళ్ళిళ్ళున్నాయి. మనిషికి కోపమే గానీ మంచివాడు, వింటాడు' అని గడువు రాయించుకుంటే గానీ లేచేవారు కాదు."

భద్రయ్య ఆ ఖాళీ బెంచీ వైపు తిరిగి చూశాడు.

కామాక్షి కాగితం మీద సంతకం పెట్టి అతని ముందుకు తోసింది. "సరే, నెలాఖరు దాకా ఇస్తున్నా. అదీ ఆయన మొహం చూసి."

భద్రయ్య చేతులు జోడించి వెనుదిరిగాడు.

"అవునూ, రెండు సోమవారాలుగా కనబడటం లేదు," వెనకనుంచి ఆమె అడిగింది, "ఆర్థర్ గారు కులాసాగా ఉన్నారా?"