సూది భయం

"ఆపరేషన్ ఎవరికి?" అన్నాడు అద్దాలు కోసే మొగుడు.

"మీకే. ఇంకెవరికి?" డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మెడలో ఎడమవైపు చిన్న గడ్డ ఉంది. స్కానింగు రోజున సూదితో తీసి పరీక్షకి పంపారు కదా, కాన్సరని తేలింది. కంగారు పడకండి, మొదట్లోనే దొరికింది. తీసేస్తే చాలావరకు నయమైపోతుంది."

పక్క కుర్చీలో ఉన్న పెళ్లానికి వెంటనే ఏడుపు రాలేదు. ఒళ్లంతా బరువెక్కింది, అంతే. పొద్దుటి నుంచి లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేసొచ్చిన కాళ్లు పీకుతున్నాయి. ఈ మనిషితో ఇన్నాళ్లూ పడ్డ పాట్లు చాలవన్నట్టు ఇదొకటా అనుకుంది. థైరాయిడ్ ఎక్కువై ఆయన చిక్కి సగమయ్యాడు. చలికాలంలో కూడా ఫ్యాను ఆపనివ్వడు, ఆమె దుప్పటి ముసుగులో వణుకుతూ పడుకోవాలి. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. చేతులు వణికి ఎన్ని అద్దాలు పగలగొట్టాడో లెక్కలేదు, తప్పు మాత్రం ప్రతిసారీ అద్దానిదే.

"మందులు వాడుతూనే ఉన్నారు కదమ్మా, మరి ఇదెలా వచ్చింది?" అంది నీరసంగా.

"ఆ మందులకీ దీనికీ సంబంధం లేదమ్మా. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లందరికీ కాన్సర్ వస్తుందనేం లేదు, చాలామందికి రాదు. కాకపోతే కొందరిలో ఆ ముప్పు కాస్త ఎక్కువ. మీవారి మెడ వాపు చూశాక అందుకే స్కానింగు రాశాను."

"నాకేం లేదు" అన్నాడు మొగుడు.

"మీకు తెలియకపోవచ్చు. చేతికి తగిలేంత గడ్డ కాదది."

"లేదంటే లేదండీ!"

పెళ్లానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ స్కానింగుకి ఒప్పించడానికే బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసి పడుకుంది. తనకంటే ఎత్తున్న అద్దాన్ని అవలీలగా ఎత్తే మనిషి, సూది కనిపిస్తే చాలు, చెమటలు పట్టి కూలబడతాడు. రక్తపరీక్ష రోజున ఆమె ఆయన కళ్లు మూస్తే, ఆమె తమ్ముడు చెయ్యి కదలకుండా అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. చివరికి పోయిన వారం "నీ గోల పడలేను, మీ తమ్ముణ్ని తోడు పంపు, వెళ్లొస్తాను" అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చాక నొప్పి పుట్టిందా అని అడిగితే, "ఏం నొప్పి? చీమ కుట్టినట్టు కూడా లేదు" అని మీసం మెలేశాడు. ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

"డాక్టరమ్మా!" మొగుడు ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు. "ఆ పరీక్ష మళ్లీ చేయండి. నాకు చేయండి. ఇప్పుడే చేయండి." చొక్కా పై గుండీలు విప్పి మెడ ముందుకు చాచాడు.

సూది పేరెత్తితేనే పారిపోయే మనిషి తనంతట తాను మెడ చాచడం చూసేసరికి, అంతసేపూ రాని ఏడుపు ఆమెకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ప్రాణభయం ఎంత పని చేయించింది పాపం అనుకుంది. ఇన్నాళ్ల విసుగంతా ఎటు పోయిందో, ఆయన మీద జాలి వేసింది.

"మళ్లీ గుచ్చాల్సిన పనిలేదండీ. అనుమానానికి తావే లేదు" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

పెళ్లాం తలుపు వైపు తిరిగింది. తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బావ కోసే అద్దానికి అవతలి అంచు పట్టుకోవడం వాడి పని. బావ మాటంటే వాడికి వేదం.

"ఏరా, అలా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంట్రా? మీ బావకి నాలుగు ధైర్యం మాటలు చెప్పొచ్చుగా?"

వాడు బావ వైపు చూశాడు. బావ తల దించుకున్నాడు.

"ఆయన మాట పట్టించుకోకండి డాక్టరమ్మా, ఆపరేషన్ చేసేయండి" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "నేను పని మానేసి దగ్గరుంటాను. మందులకీ మాకులకీ తిరగడానికి మా తమ్ముడున్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు, వాడికేం?"

ఆ మాట వినగానే మొగుడు రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

తమ్ముడు మెల్లగా నడిచొచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"అక్కా, బావనేం అనకు. స్కానింగు రోజున సూదిని చూసి ఆయన కళ్లు తేలేస్తుంటే, బావ పేరు పిలవగానే లోపలికెళ్లి పడుకున్నది నేను."