తొమ్మిదో తరగతి రేడియో

“క... క... కాకి” అంది లోపలి గదిలోంచి ఒక చిన్న గొంతు.

“తొందరేం లేదు తల్లీ. కాకి ఎక్కడికీ ఎగిరిపోదులే. ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పు” అంది ఇంకో గొంతు, ఒక్కో మాటా విడివిడిగా పేర్చినట్టు.

బయట బెంచీ మీద కూర్చున్న డబ్బింగ్ కళాకారిణి ఒళ్లో ఉన్న రికార్డరు సంచిలో పడేసి లేచి వెళ్లిపోదామా అనుకుంది.

ఆమె చదువుకున్న బాలికల ఉన్నత పాఠశాలకు యాభై ఏళ్లు నిండుతున్నాయి. పాత విద్యార్థినులు ఎవరెవరు ఏమేం అయ్యారో వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసి ఇప్పటి పిల్లలకు వినిపించాలని పూర్వ విద్యార్థినుల సంఘం అనుకుంది. గొంతుతో బతికే మనిషి కదా అని ఆ పని ఆమె నెత్తిన పెట్టారు. వారం రోజుల్లో లారీలు బాగుచేసే మెకానిక్కునీ, జైలు అధికారినీ, తేనెటీగలు పెంచే ఆవిణ్నీ కలిసింది. ఎక్కడికి వెళ్లినా నవ్వులే, పాత కబుర్లే. “నీ మిమిక్రీ మర్చిపోతామా!” అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేసేది.

లోపలున్న ఈ స్పీచ్ థెరపిస్టు పేరు చూస్తే మాత్రం ఏ ముఖమూ గుర్తు రాలేదు. అరవై మంది తరగతి, ఇరవై ఎనిమిదేళ్ల నాటి మాట. కానీ ఆవిడ నింపి పంపిన కాగితంలో ‘ఈ వృత్తి ఎందుకు ఎంచుకున్నారు?’ అన్న ప్రశ్న కింద ఒక్కటే వాక్యం ఉంది: ‘తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం వల్ల.’

అది చదివి ఆమె సంఘం కార్యదర్శికి ఫోన్ చేసింది.

“అక్కా, ఈ ఒక్కరి దగ్గరికి ఇంకెవరినైనా పంపవా?”

“ఏం, ఆవిడేమైనా కరుస్తుందా? వెళ్లిరావే తల్లీ” అని పెట్టేసింది కార్యదర్శి.

వాళ్ల తరగతిలో నత్తి ఉన్న పిల్ల ఒకతి ఉండేది. స్టేషను సరిగా పట్టని రేడియోలా మాట్లాడుతుందని ఆ పిల్లకు ‘రేడియో’ అని పేరు పెట్టింది ఈమే. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, అసలు పేరేమిటో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఆ మధ్యాహ్నం టీచరు పాఠం చదవమని రేడియోని లేపింది. మొదటి మాట దగ్గరే గొంతు పట్టేసింది. అంతే, రెండు వరసల వెనక నుంచి ఈమె అచ్చం ఆ పిల్ల గొంతుతోనే, అదే నత్తితో, పేరా మొత్తం చదివేసింది. తరగతి గొల్లుమంది. టీచరు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. రేడియో కూర్చోలేదు, వెనక్కి తిరగలేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడింది. మర్నాటి నుంచి బడికి రాలేదు. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు.

తలుపు తెరుచుకుంది. రెండు పిలకల పాప తల్లి చెయ్యి పట్టుకుని బయటికి వస్తూ ఆమె ముందు ఆగి, “కాకి” అని చెప్పి చూపించింది.

“రండి. వస్తానని ఫోన్ చేసినప్పుడే మీ గొంతు పోల్చాను” అంది గుమ్మంలో నిలబడ్డ థెరపిస్టు.

“నేను... గుర్తున్నానా మీకు?”

“ఎలా మర్చిపోతాను? సినిమాలో మీ గొంతు వినిపిస్తే హాల్లోంచి లేచి వచ్చేసేదాన్ని. మా ఆయనకు తలనొప్పి అని చెప్పేదాన్ని.”

రికార్డరు మీద పెట్టిన వేలు ఆగిపోయింది. మాటకూ మాటకూ మధ్య ఆవిడ చిన్న ఎడం ఇస్తోంది. ఆ ఎడం వెనక ఎన్నేళ్ల సాధన ఉండి ఉంటుందో అనుకునేసరికి ఆమెకు తలెత్తి చూడాలనిపించలేదు.

“ఆ రోజు తర్వాత ఏమైంది?” అంది ఎలాగో.

“చాలాకాలం తరగతిలో నోరు విప్పలేదు. పక్కన ఎవరైనా నవ్వితే చాలు, ఒళ్లు జలదరించేది. పై చదువు ఏం చదువుతావని ఇంట్లో అడిగినప్పుడు ఇది తప్ప ఇంకోటి తోచలేదు నాకు.”

ఆమె రికార్డరు పక్కన పెట్టేసింది.

“ఇది తర్వాత. ముందు నేను చెప్పాలి. నాకు అన్నం పెడుతున్నది గొంతులు మార్చే విద్యే. దాన్ని నీ మీదే నేర్చుకున్నాను. చప్పట్లు కొట్టినప్పుడల్లా కదలకుండా నిలబడ్డ నీ వీపే కనిపించేది. వెతుకుదామనుకున్నాను, నీ ముందుకొచ్చే మొహం లేక మానేశాను. కాగితం మీద నీ పేరు చూసి కూడా అది నీ పేరని తెలియలేదు, చూడు. నన్ను క్షమించు.”

అంటూనే చేతులు జోడించింది. ఏడుపు ఆగలేదు.

థెరపిస్టు ముఖం పాలిపోయింది.

“చేతులు దించండి. నన్ను అడగకండి.”

“అడిగే అర్హత లేదని తెలుసు. తిట్టు. రెండు దెబ్బలు వెయ్యి. పడతాను.”

“అది కాదు.” ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అంతసేపూ పొందిగ్గా పలికిన గొంతు తడబడింది.

“ఆ రోజు నీ వెనక బెంచీలో అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.”