తూములో నాచు

కోడూరులో సుచిత్ర నడిపే ఆన్‌లైన్ సేవల సెంటర్లో కంప్యూటర్ ఆ పొద్దుటి నుంచి మూడుసార్లు అప్‌డేట్‌కి సిద్ధపడి, మూడుసార్లూ మొదటికొచ్చింది.

తొంభై శాతం దాకా బాగానే ఎక్కుతుంది. అక్కడ కాసేపు గిరగిరా తిరుగుతుంది. చోటు చాలదని చెప్పి, పాతదాన్నే మళ్ళీ తెచ్చి ముందు పెడుతుంది.

సాయంత్రం నాలుగింటిలోగా కొత్త సిస్టమ్ ఎక్కకపోతే సెంటర్ ఐడీ ఆపేస్తామని బందరు ఆఫీసు నుంచి వారం కిందటే కబురొచ్చింది. ఐడీ ఆగిపోతే సెంటర్ లేనట్టే. భర్త డేవిడ్ రాజు వేటకెళ్ళే పడవ తుఫానుకి పగిలినప్పటి నుంచీ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ సెంటర్ మీదే.

అందుకే చోటు కోసం కంటికి కనిపించిందల్లా తీసేస్తోంది సుచిత్ర. పాత రశీదులు తీసేసింది. పాటలు తీసేసింది. మనసు రాయి చేసుకుని తన పెళ్ళి వీడియో కూడా తీసేసింది.

అయినా చోటు చాలదనే అంటోంది.

పాస్‌బుక్కు పని మీద వచ్చిన రామబ్రహ్మం గారు బల్ల మీద కూర్చుని చూస్తున్నాడు.

“మీ పాస్టరు గారి చేత ప్రార్థన చేయించమ్మాయ్. కుదరకపోతే చెప్పు, మా పంతులు గారిని పంపిస్తా” అన్నాడు.

పనుల మీద వచ్చి కాచుకున్న జనం నవ్వారు. సుచిత్రకి నవ్వు రాలేదు.

బల్ల చివర కూర్చున్న ఆవిడ కూడా నవ్వలేదు. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన నూలు చీర, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక ఫైలు. మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఏం పనని సుచిత్ర అడిగితే, తన పని నాలుగింటికనీ, బస్సు ముందే దొరికితే వచ్చేశాననీ చెప్పింది. సిస్టం పనిచేయట్లేదు, ఊరికే కూర్చుని ఏం లాభమని సుచిత్ర విసుక్కుంది. అయినా ఆవిడ కదల్లేదు. ఒకసారి గోడ గడియారాన్నీ, ఒకసారి కంప్యూటర్నీ చూస్తూ కూర్చుంది.

రెండున్నర దాటింది.

సుచిత్ర చెయ్యి ఈసారి పిల్లల ఫొటోలున్న ఫోల్డరు మీదికి వెళ్ళింది.

“అది తియ్యకమ్మా” అంది ఆవిడ.

సుచిత్ర తలెత్తి చూసింది.

“ఎన్ని తీసినా ఎక్కదు. నువ్వు చెరువంతా తోడేస్తున్నావు. నాచు పట్టింది తూములో.”

రామబ్రహ్మం గారు చెవులు రిక్కించాడు. రొయ్యల చెరువున్న మనిషి, ఆ మాట చప్పున అందింది.

ఆవిడ లేచి దగ్గరికొచ్చింది. పెద్ద డిస్కు సగం ఖాళీగానే ఉందని వేలు పెట్టి చూపించింది. మెషిన్ లేచేటప్పుడు మొదట తెరుచుకునే చిన్న గది ఒకటి వేరే ఉంటుందనీ, దాన్ని బూట్ పార్టిషన్ అంటారనీ, మామూలుగా అది కంటికి కనపడదనీ, చోటు చాలనిది అక్కడేననీ చెప్పింది.

సుచిత్రకి నమ్మకం కుదరలేదు. ఊరూ పేరూ తెలియని మనిషికి కుర్చీ ఇవ్వడమెలా? కానీ గడియారం ఆగేట్టు లేదు. లేచి, పక్కనే కాపలా ఉన్నట్టు నిలబడింది.

ఆవిడ నల్లటి తెర తెరిచి ఒక కమాండ్ కొట్టింది. ఎన్నడూ చూడని డ్రైవు ఒకటి పైకి తేలింది. దాని లోపల అక్షరాల ఫోల్డరు ఉంది. మెషిన్ లేచేటప్పుడు చూపించడానికి చైనా వాళ్ళవీ, జపాను వాళ్ళవీ, కొరియా వాళ్ళవీ అక్షరాలన్నీ ఆ కాస్త గదిలోనే సర్ది పెట్టారు.

“ఇవి తీసేస్తే మెషిన్ లేవకపోతేనో?” అంది సుచిత్ర.

“లేస్తుంది. వీటితో మనకి పని పడదు. అయినా ముందు పెన్‌డ్రైవ్‌లో దాచి తీస్తున్నా. తేడా వస్తే మళ్ళీ పెట్టేద్దాం.”

చారెడు చోటు దొరికింది. మళ్ళీ అప్‌డేట్ పెట్టి ఆవిడ కుర్చీ ఖాళీ చేసింది.

అది ఎక్కుతుండగా, బందరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పన్నెండేళ్ళు చేశాననీ, రెండేళ్ళ కిందట ల్యాబు ఎత్తేశారనీ, అప్పట్నుంచీ ఇంటి దగ్గరే ఉంటున్నాననీ ఆవిడే చెప్పింది. సుచిత్ర ఊఁ కొట్టింది కానీ చూపంతా తెర మీదే.

తొంభై. తొంభై ఒకటి. తొంభై ఆరు.

నాలుగింటికి పది నిమిషాలుండగా తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

సుచిత్ర కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. పైటతో మొహం తుడుచుకుంది. అప్పుడు కోపం వచ్చింది.

“ఇంత తెలిసుండి, పన్నెండింటి నుంచీ చూస్తూ కూర్చున్నారా? నా పెళ్ళి వీడియో పోయిందండీ.”

“కూర్చున్నానమ్మా. తప్పే” అంది ఆవిడ.

ఇంకేదో అనబోయింది సుచిత్ర. ఈలోగా రామబ్రహ్మం గారు పాస్‌బుక్కు ముందుకి తోశాడు. ఆయన వెనక పదిమంది ఎగబడ్డారు. వాళ్ళ భుజాల మధ్య నుంచే, మీ పనేంటో చెప్పండి, ముందు మీది చేసేస్తానని సుచిత్ర ఆవిడకి కేక వేసింది.

ఆవిడ ఫైలున్న సంచి చంకన పెట్టుకుంటోంది.

“ఇంక లేదులేమ్మా. అవనిగడ్డ బస్సు వచ్చే టైమయింది.”

పేరైనా అడగాలని సుచిత్రకి తట్టేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. బస్సు మలుపు తిరిగిన చప్పుడు మాత్రం వినిపించింది.

నాలుగింటికి బందరు నుంచి సూపర్‌వైజర్ గోవర్ధనరావు గారు ఫోన్ చేశారు. టిక్కు తమకీ కనపడిందన్నారు. గండం గడిచిందన్నారు.

“అన్నట్టు సుచిత్రా, అక్కడికి లీలావతి గారని ఒకావిడ ఫైలు పట్టుకుని వచ్చి ఉంటారు. నీది ఎక్కకపోతే సెంటర్ తన పేరు మీద రాయించుకోవడానికి నాలుగింటికి రమ్మన్నాం. ఇంక అక్కర్లేదని కాస్త చెప్పి పంపించమ్మా.”